గోమార్లు: పశువు మీద కనిపించేది కొంతే

పశువుల ఒంటిని పట్టే గోమార్లు, కుక్కల చెవుల్లో చేరే పిడుదులు ఒకే కోవకు చెందినవి. ఇవి కీటకాలు కావు, సాలీళ్లకు, తేళ్లకు దగ్గరి చుట్టాలు. పెద్దవాటికి 8 కాళ్లుంటాయి. గుడ్డులోంచి అప్పుడే బయటపడిన పిల్లకు మాత్రం 6 కాళ్లే. పిల్ల దశ, నడిమి దశ, పెద్ద దశ, మూడింటిలోనూ రక్తమే ఆహారం. ఒక దశ దాటి మరో దశలోకి వెళ్లాలంటే ఒకసారి కడుపు నిండా తాగాల్సిందే.

తాగే పద్ధతి కూడా చిత్రమైనదే. వెనక్కి తిరిగిన ముళ్లున్న మూతిని చర్మంలోకి దించుతుంది. చాలా జాతుల్లో మూతి చుట్టూ జిగురు లాంటి పదార్థం ఊరి గట్టిపడుతుంది. అందుకే గోమారి ఒక పట్టాన ఊడిరాదు. దాని లాలాజలంలో నొప్పి తెలియనివ్వని పదార్థాలు, రక్తం గడ్డకట్టకుండా చేసేవి ఉంటాయి. కాబట్టి కుట్టిన సంగతే తెలియదు. రోగక్రిములు ఒంట్లోకి దిగేదీ ఈ లాలాజలంతోనే. ఆడది కొన్ని రోజులు తాగి, ఆముదం గింజంత ఉబ్బి, తనంతట తానే రాలిపోతుంది.

రాలిన తర్వాత జరిగేదే అసలు కథ. తెలుగు నేల మీద ఆవులు, గేదెలను ఎక్కువగా పట్టేది రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే జాతి. ఇది మూడు దశలూ ఒకే పశువు మీద, సుమారు 3 వారాల్లో ముగిస్తుంది. నేల మీద పడ్డ ఆడది 2,000 నుంచి 3,000 గుడ్లు పెట్టి చనిపోతుంది. పాలు పితికేవారు పొదుగు మీదా, తోక మొదట్లోనూ కనిపించిన గోమారిని పీకి పక్కకు విసిరేయడం ప్రతి కొట్టంలోనూ ఉన్నదే. విసిరిన గోమారి చావకపోతే, అది నేల పగుల్లోకి జారి అక్కడే గుడ్లు పెడుతుంది. పీకినదాన్ని కిరోసిన్‌లోనో సబ్బునీళ్లలోనో వేయాలి తప్ప, నేల మీద పారేయకూడదు.

పొడవాటి కాళ్ల హయలోమా జాతి తీరు వేరు. ఇది గోడ పగుళ్లలోనూ, రాళ్ల సందుల్లోనూ దాగి, పశువు అలికిడి కాగానే దాని వైపు పరుగెత్తుతుంది. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు ఒక్కో దశలో ఒక్కో జంతువు మీదికి ఎక్కుతుంది, మధ్యలో ఇంటి గోడల్లోనే కాపురం ఉంటుంది. ఇలాంటి జాతుల జీవితంలో ఎక్కువ భాగం జంతువుకు బయటే గడుస్తుంది. కుక్కకు ఎన్నిసార్లు మందు పెట్టినా పిడుదులు మళ్లీ రావడానికి కారణం ఇదే.

పశువులకు గోమార్లు తెచ్చే జబ్బుల్లో థైలీరియోసిస్ ముఖ్యమైనది. జ్వరం బాగా పెరుగుతుంది, జబ్బ ముందరి గ్రంథులు వాస్తాయి, ఆయాసం వస్తుంది, పాలు పడిపోతాయి. హయలోమా ద్వారా వచ్చే ఈ జబ్బుకు హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ టీకా తయారుచేసింది. బబేసియోసిస్‌లో ఎర్ర రక్తకణాలు పగిలి మూత్రం ముదురు ఎరుపులో, ఒక్కోసారి కాఫీ రంగులో వస్తుంది. ఈ జబ్బు గోమారి వల్లే వస్తుందని 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, ఎఫ్.ఎల్. కిల్బోర్న్ రుజువు చేశారు. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులకు ఈ జబ్బులు తీవ్రంగా వస్తాయి. మన ఒంగోలు జాతి లాంటి దేశవాళీ పశువులు గోమార్లను బాగా తట్టుకుంటాయి. ఒంగోలు సంతతి నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో అంతగా విస్తరించడానికి ఈ గుణం కూడా ఒక కారణం.

మనుషుల విషయానికొస్తే, దేశంలో అందరికీ తెలిసింది క్యాసనూర్ అటవీ జ్వరం. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో కోతులు వరుసగా చనిపోతుండగా దీన్ని గుర్తించారు. హెమాఫిసాలిస్ స్పినిజెరా అనే అటవీ పిడుదు వైరస్‌ను మోస్తుంది. నడిమి దశలో ఉన్న చిన్న పిడుదులు ఎక్కువగా తిరిగే చలి, వేసవి నెలల్లో కేసులు పెరుగుతాయి. ఉన్నట్టుండి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు, కొందరిలో రక్తస్రావం. సోకిన 100 మందిలో 3 నుంచి 5 మంది చనిపోతారని అంచనా. ఇది కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రలకూ పాకింది. క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం 2011లో గుజరాత్‌లో బయటపడినప్పుడు రోగికి వైద్యం చేసిన డాక్టర్, నర్సు కూడా చనిపోయారు. ఈ వైరస్ గోమారి కాటుతోనే కాదు, సోకిన పశువు రక్తం తగిలినా వస్తుంది. అందువల్ల గోమారిని గోళ్ల మధ్య చిదిమే అలవాటు మానుకోవాలి.

ఆంధ్రలో తరచూ వినిపించే స్క్రబ్ టైఫస్‌ను చాలామంది ఇదే కోవలో చేరుస్తారు. దాన్ని మోసేది పిడుదు కాదు, కంటికి ఆనని చిగ్గర్ అనే మైట్ పిల్ల. కుట్టినచోట నల్లటి చెక్కు కడుతుంది. కుక్క పిడుదు వల్ల వచ్చే ఇండియన్ టిక్ టైఫస్‌లోనైతే అరిచేతులు, అరికాళ్ల మీద కూడా దద్దుర్లు కనిపిస్తాయి. రెండింటికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, కాని ఆలస్యం చేస్తే ప్రమాదం. న్యూజెర్సీ, కనెక్టికట్ వైపు స్థిరపడిన తెలుగువారికి లైమ్ వ్యాధి అనే మరో బెడద ఉంది. అక్కడి జింక పిడుదు సాధారణంగా 24 గంటలకు మించి పట్టి ఉంటేనే అది సోకుతుంది కాబట్టి, రోజూ ఒళ్లు చూసుకోవడం అక్కడ బాగా అక్కరకొస్తుంది.

అడవికి, పొదల్లోకి వెళ్లేవారు, అంటే తునికాకు కోసేవారు, మేకల కాపరులు, సెలవుల్లో ట్రెక్కింగ్‌కు పోయేవారు, ఒళ్లంతా కప్పే లేతరంగు బట్టలు వేసుకుని, ప్యాంటు చివర్లను సాక్సుల్లోకి దోపాలి. డీట్ ఉన్న లేపనాలు రాసుకోవచ్చు. తిరిగివచ్చాక చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనుక, చెవుల వెనుక, జుట్టులో వెతికి, స్నానం చేసి, బట్టలను వేడినీళ్లలో ఉతకాలి.

కొట్టంలో ముందు గోడల పగుళ్లు పూడ్చి, సున్నం కొట్టాలి. డెల్టామెత్రిన్, అమిట్రాజ్ లాంటి మందులు పశువులన్నిటికీ ఒకేరోజు, కొట్టం గోడలతో సహా కొట్టాలి. ఒకే మందును ఏళ్ల తరబడి వాడితే గోమార్లు దానికి అలవాటుపడతాయి. అందుకని పశువైద్యుడి సలహాతో మార్చాలి. ఐవర్‌మెక్టిన్ ఇచ్చిన పశువు పాలు ఎన్నాళ్లు వాడకూడదో ముందే అడగాలి. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు దాని దరికి రానీయకూడదు, అది పిల్లులకు విషం.

మనిషిని పట్టిన పిడుదును అగ్గిపుల్లతో కాల్చడం, నూనె పూయడం తప్పు. దానివల్ల అది లాలాజలాన్ని ఇంకా కక్కవచ్చు. సన్నని మొన ఉన్న పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. తర్వాత ఆ చోటును సబ్బుతో కడిగి, తేదీ రాసిపెట్టుకోవాలి. 2 వారాల్లో జ్వరం వస్తే, పిడుదు కుట్టిన సంగతి, తిరిగిన ప్రాంతం ముందుగా డాక్టరుకు చెప్పాలి. అడక్కుండా ఎవరూ చెప్పని ఈ ఒక్క మాట మీదే చాలాసార్లు రోగనిర్ధారణ ఆధారపడుతుంది.