గాలి ఊదకుండా ఇంజను శక్తి పెంచడం

కమ్మరి కొలిమిలో బొగ్గు ఎంత పోసినా తిత్తి ఊదనిదే ఇనుము ఎర్రబడేటంత వేడి పుట్టదు. మోటారు కారు ఇంజను సంగతీ అంతే. పెట్రోలును ఎంత కావలిస్తే అంత పంపవచ్చు. అది ఒక చిన్న పంపు చేయగల పని. కాని ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. ఇంజను శక్తికి హద్దు గీసేది పెట్రోలు కాదు, గాలి.

గాలిని ఇంజనులోనికి బలవంతంగా దట్టించే తిత్తులు లేకపోలేదు. ఇంజను తానే త్రిప్పుకొనే తిత్తిని సూపర్‌చార్జరు అనీ, ఇంజను వదిలే వేడి పొగ తోపుడుకు తిరిగే దానిని టర్బోచార్జరు అనీ అంటారు. ఈ రెండూ లేని ఇంజనుకు దక్కేది వాతావరణ పీడనం నెట్టినంత గాలి మాత్రమే. అటువంటి ఇంజను శక్తిని పెంచడం ఎట్లా? ఆ పెంపు ఎక్కడ ఆగిపోతుంది?

జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరపు పోర్షే కంపెనీ 911 అనే స్పోర్ట్సు కారును 1964లో తయారుచేయడం మొదలుపెట్టింది. దాని ఇంజనుకు ఆరు సిలిండర్లు. ఇంజను మొత్తం ఘనపరిమాణం 1991 ఘన సెంటీమీటర్లు. నిమిషానికి 6100 చుట్లు తిరిగేటప్పుడు అది 130 అశ్వశక్తి ఇచ్చేది. 1972 చివర వెలువడిన కరేరా ఆర్.ఎస్. అనే రకంలో ఈ శక్తి 210కి చేరింది. ఈ మధ్యకాలంలో వాడుకదారులకు అమ్మిన 911 కార్లలో దేనికీ తిత్తి లేదు.

మొదటి పెద్ద అడుగు 1966లో వచ్చిన 911 ఎస్. ఘనపరిమాణం మారలేదు, శక్తి మాత్రం 160 అయింది. గాలి లోనికి వచ్చే కవాటం వ్యాసాన్ని 39 మిల్లీమీటర్ల నుండి 42కు పెంచారు. మూడు మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు. కాని వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక, అది 16 శాతం పెరిగింది.

ఇంతకంటె ముఖ్యమైనది కవాటం తెరచి ఉండే కాలం. నిమిషానికి 6600 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో 110వ వంతు. పిస్టను పైనుండి క్రిందికి దిగేది అందులో సగం. సుమారు 330 ఘన సెంటీమీటర్ల చోటు నిండడానికి ఉన్న వ్యవధి సెకనులో 220వ వంతు మాత్రమే! గాలికి కూడా ద్రవ్యరాశి ఉన్నది. అది తలచుకోగానే కదలదు, కదిలిన తరువాత తలచుకోగానే ఆగదు. అందుచేత పిస్టను పై కొసకు చేరకముందే కవాటాన్ని తెరుస్తారు. అడుగుకు చేరిన తరువాత కూడా కొంతసేపు తెరిచే ఉంచుతారు. రైలు పెట్టె నిండినట్లు కనిపించినా, వెనుకనుండి వచ్చే జనం తోపుడుకు ఇంకా పదిమంది లోపలికి వచ్చి పడతారు చూడండి. గొట్టంలో వేగంగా వచ్చే గాలి కూడా అదే పని చేస్తుంది. అయితే ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు వెనుకనుండి ఆ తోపుడు ఉండదు. పైకి లేచే పిస్టను, అప్పటికే వచ్చిన గాలిలో కొంత భాగాన్ని తెరచి ఉన్న కవాటం గుండా తిరిగి బయటికి నెట్టివేస్తుంది. పందెపు ఇంజన్లు ఊరి వీధులలో నీరసంగా నడవడానికి ఇది ఒక కారణం.

సంపీడన నిష్పత్తిని కూడా 9 నుండి 9.8కి పెంచారు. దీనివలన వచ్చే లాభం సిద్ధాంతరీత్యా రెండు శాతానికి కొంచెం ఎక్కువ. ఇంకా పెంచితే, మంట చేరకముందే మిశ్రమం తనంతట తాను పేలి ఇంజను టకటక కొట్టుకుంటుంది.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. ఇంజను త్రిప్పే బలాన్ని టార్కు అంటారు. టార్కును తిరిగే వేగంతో హెచ్చిస్తే శక్తి వస్తుంది. మొదటి 911 గరిష్ఠ టార్కు 4200 చుట్ల వద్ద 174 న్యూటన్ మీటర్లు. 911 ఎస్.లో అది 5200 చుట్ల వద్ద 179. శక్తి 23 శాతం పెరిగితే టార్కు పెరిగింది మూడు శాతమే! ఇంజనీర్లు ఒక్కొక్క గుక్కను పెద్దది చేయలేదు. ఎక్కువ వేగం వద్ద కూడా గుక్క చిన్నది కాకుండా చూశారు.

వేగం ఊరకే రాదు. చుట్లు ఎనిమిది శాతం పెరిగితే పిస్టనును ఆపి వెనుకకు మళ్ళించే బలం వేగపు వర్గాన్ని బట్టి 17 శాతం పెరుగుతుంది. అందుకే 911 ఎస్.లో పోత పిస్టన్లకు మారుగా, అదిమి సాగగొట్టిన అల్యూమినియం పిస్టన్లు వేశారు. కవాటాలను మూసే స్ప్రింగులు కూడా ఆ వేగాన్ని అందుకోవాలి. స్ప్రింగు వెనుకబడితే కవాటం మూసుకోక పిస్టనుకు తగులుతుంది. ఆ దెబ్బతో ఇంజను పని సరి!

1969 నాటి రకంలో కార్బ్యురేటర్లు తీసివేసి పెట్రోలును పంపుతో చిమ్మించారు. కార్బ్యురేటరు గొంతు ఇరుకుగా ఉంటేనే పెట్రోలు పీల్చబడుతుంది. ఆ ఇరుకు గాలికి అడ్డు. అది తొలగేసరికి 6800 చుట్ల వద్ద 170 అశ్వశక్తి వచ్చింది. లీటరుకు 85. ఆ తరువాత కరేరా ఆర్.ఎస్. వరకు అమ్మిన 911 ఇంజన్లు ఈ సంఖ్యను దాటలేదు.

ఇక మిగిలినది చోటు పెంచడమే. సిలిండరు వ్యాసాన్ని 80 మిల్లీమీటర్ల నుండి 84కు పెంచితే ఘనపరిమాణం 2195 అయింది. పిస్టను నడిచే దూరాన్ని 66 నుండి 70.4కు పెంచితే 2341 అయింది. వ్యాసాన్ని మళ్ళీ 90కి పెంచితే 2687. ఈ చివరి పెంపు తేలికగా సాధ్యం కాలేదు. సిలిండర్ల మధ్య దూరం స్థిరం, లోపల ఇనుప తొడుగు పెట్టడానికి చోటు లేదు. అల్యూమినియం గోడకు నికెలు, సిలికాన్ కార్బైడులతో సన్నని గట్టి పూత పూసి తొడుగు అవసరమే లేకుండా చేశారు. 210 అశ్వశక్తి వెనుక ఉన్న అసలు పనితనం ఈ పూతదే అనవచ్చు.

ఈ ఇంజన్ల గరిష్ఠ టార్కును వాటి ఘనపరిమాణంతో భాగించి చూస్తే, 1964లో లీటరుకు 87 న్యూటన్ మీటర్లు, 911 ఎస్.లో 90, ఆర్.ఎస్.లో 95. ఇన్నేండ్ల పనిలో ఈ సంఖ్య పెరిగింది ఇంతే. వాతావరణం ఇచ్చే గాలికి మించి ఇంజను పీల్చడం అంత కష్టం. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో గాలి సాంద్రత తక్కువ. అక్కడ ఇదే ఇంజను విశాఖపట్నంలో ఇచ్చినదానికంటె సుమారు ఐదు శాతం తక్కువ శక్తి ఇస్తుంది. 1974లో పోర్షే కంపెనీ 911కు టర్బోచార్జరు తగిలించింది. సంపీడన నిష్పత్తిని 6.5కు తగ్గించవలసి వచ్చినా, లీటరుకు టార్కు ఒక్కసారిగా 115 న్యూటన్ మీటర్లు అయింది.