‘గంజాం జిల్లా’ అని రాసి ఉంది, మరి అది ఎవరి ఊరు?

2024 మార్చిలో మారిషస్ జాతీయ దినోత్సవానికి ముఖ్య అతిథిగా వెళ్ళిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడ ఒక సంగతి ప్రకటించారు. భారత మూలాలున్న మారిషస్ పౌరుల్లో ఏడో తరం వారికి కూడా ఓసీఐ కార్డు ఇస్తామన్నారు. మన ఒడిశా ఆడపడుచు చెప్పిన ఆ మాట పాత్రపూర్, బరంపురం చుట్టుపక్కల తెలుగు ఇళ్ళకు ఎంత దగ్గరిదో ఇక్కడ వివరిస్తున్నాం.

ముందు ఓసీఐ అంటే ఏమిటో చూద్దాం. ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా అన్న పేరులో పౌరసత్వం ఉంది గానీ అది పౌరసత్వం కాదు. మన దేశం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఈ కార్డు ఉన్నవారు జీవితాంతం వీసా లేకుండా రావచ్చు, ఉండవచ్చు, చాలా పనులు చేసుకోవచ్చు. ఓటు లేదు, ఎన్నికల్లో పోటీ లేదు, వ్యవసాయ భూమి కొనే వీలు లేదు. 1950 జనవరి 26 నాటికి భారత పౌరుడు కాగల అర్హత ఉన్న మనిషిని మొదలుగా పెట్టుకుని, అతని మునిమనవల వరకే మామూలుగా ఇది వర్తిస్తుంది. మారిషస్‌కు మన కూలీల వలస 1834లోనే మొదలైంది కాబట్టి అక్కడివారికి ఆ లెక్క చాలలేదు. అందుకే ఏడు తరాల సడలింపు.

మూలాలు చూసి పిలిచే ఈ పద్ధతి మన దేశానిదే కాదు. ఆఫ్రికాలో బెనిన్ దేశం 2024 సెప్టెంబరులో ఒక చట్టం తెచ్చింది. బానిసలుగా ఓడలెక్కించి అమెరికా ఖండాలకు తరలించినవారి వారసులకు, పద్దెనిమిదేళ్ళు నిండి ఉంటే, పౌరసత్వం ఇస్తామంది. అది కార్డు కాదు, అసలు పౌరసత్వమే. మరి రుజువు ఏమిటి? బానిసల ఊరు పేరు ఎవరు రాసి పెట్టారు కనుక! అందుకే ఆ చట్టం డీఎన్ఏ పరీక్షను కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటుంది.

మనవాళ్ళ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఒప్పందం మీద వెళ్ళిన కూలీకి డీఎన్ఏతో పని లేదు, కాగితం ఉంది. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు 1860 నుంచి 1911 వరకు 1,52,184 మంది భారతీయులు వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారే. ఓడ జాబితాల్లో ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఒంటి మీది పుట్టుమచ్చ, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరి ఫొటోలతో సహా. కూలీ పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్న వివరాలే ఇవాళ మునిమనవలకు ఆధారం అయ్యాయి.

ఆధారం దొరికినా చిక్కు తీరదు. ‘జిల్లా: గంజాం’ అని ఉంటుంది. ఆనాటి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ అందులోనే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు జిల్లా రెండు ముక్కలైంది. మనం ఇటు ఉండిపోయాం, ఇచ్ఛాపురం నుంచి దక్షిణం అంతా విశాఖ జిల్లాలో కలిసి, తర్వాత 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. డర్బన్‌లో కూర్చుని వెతికే మనిషి తెలుగువాళ్ళం కదా అని ఆంధ్రలోనే వెతుకుతాడు. అతని ఊరు పాత్రపూర్ పక్కన ఉండొచ్చని అతనికి చెప్పేదెవరు?

పైగా రాసినవారు ఇంగ్లీషు గుమాస్తాలు. చెవికి ఎలా వినబడితే అలా రాశారు. బరంపురం అని రాస్తే బెంగాల్‌లో అదే పేరుతో మరో ఊరుంది. ఇంటిపేరైతే రాయనే లేదు. అప్పడు అన్న తాత పేరు మారిషస్‌లో ‘అప్పడూ’ అని ఇంటిపేరైపోయింది. ఇక మిగిలింది ఊరి పేరు ఒక్కటే. ఆ ఊరిని గుర్తుపట్టగలిగేది ఇక్కడ తరాలుగా ఉన్న మన ఇళ్ళే.

రంగం వెళ్ళినవారి కథ వేరు. గోపాలపురం రేవులో స్టీమరెక్కి బర్మా పోయినవారు మేస్త్రీల వెంట, సొంత టికెట్టు మీద, అప్పు చేసి వెళ్ళినవారు. ఓడ జాబితాల్లాంటి పుస్తకం వారికి లేదు. 1942లో జపాన్ దాడికి లక్షలమంది నడిచి వచ్చేశారు, 1960లలో మరికొందరు తిరిగొచ్చారు. ఉండిపోయినవారికి 1982 నాటి బర్మా చట్టం వచ్చింది. అది ప్రధానంగా 1823కు ముందు నుంచి ఆ నేల మీదున్న జాతులనే పూర్తి పౌరులుగా చూసి, మిగతావారిలో చాలామందిని కింది మెట్ల మీద నిలబెట్టింది. ఒకచోట పిలిచి కూర్చోబెట్టిన తాత పేరే ఇంకోచోట బయట నిలబెడుతుంది.

ఇక మన ఇళ్ళలో మెదిలే భయం గురించి. ఎవరో దూరపు దాయాది వచ్చి పొలంలో వాటా అడుగుతాడేమోనని పాత కాగితాలు చూపించడానికే వెనకాడతారు. ఓసీఐ కార్డు వల్ల ఎవరికీ కొత్తగా వాటా పుట్టదు. వారసత్వం వేరే చట్టాల సంగతి. కార్డు కోసం అడిగేవారికి కావలసింది తాత ఈ నేల మీద పుట్టాడన్న రుజువు మాత్రమే.

అలాంటి ఉత్తరం ఎవరికైనా వస్తే, ముందు కూలీ నంబరూ ఓడ పేరూ అడగండి, రికార్డు కాగితం నకలు పంపమనండి. తాలూకా పేరు చూడండి, ఊరు ఏ వైపు పడిందో చాలావరకు అక్కడే తేలుతుంది. వాళ్ళ ఇంట్లో మొక్కే గ్రామదేవత పేరు అడగండి. తరాలు మారి భాష పోయినా అమ్మవారి పేరు నిలబడ్డ ఇళ్ళున్నాయి. మీ దగ్గరున్న తెలుగు దస్తావేజులు, పట్టాలు, పాత బడి రిజిస్టర్ల నకళ్ళే ఇవ్వండి, అసలు మాత్రం చేయి దాటనివ్వకండి. దరఖాస్తు పెట్టుకోవలసింది వాళ్ళే, వాళ్ళ దేశంలోని భారత రాయబార కార్యాలయం ద్వారా. మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే, ఇక్కడ గానీ అక్కడ గానీ, ఇవ్వనక్కర్లేదు.