తిరుగు టపా లెక్కలు

ఉత్తరం రాసి డబ్బాలో వేస్తాం. చేరితే సంతోషం. చేరకపోతే? చిరునామా తప్పయితే పోస్టుమాన్ దాని మీద ‘ఈ పేరు గలవారు ఈ ఇంట లేరు’ అని రాసి వెనక్కి పంపుతాడు. ఇంటికి తాళం వేసి ఉంటే ఆ సంగతీ రాస్తాడు. ఇప్పుడొక ఊహ చెయ్యండి. పోస్టాఫీసులో ఒక గుమాస్తా కూర్చుని, ఇలా తిరిగివచ్చిన ఉత్తరాలను కారణాలవారీగా లెక్కపెట్టి ఓ పుస్తకంలో రాసుకుంటున్నాడనుకోండి. ఒక్క ఉత్తరం కూడా విప్పి చదవక్కర్లేదు. ఆ పుస్తకం తిరగేస్తే చాలు, ఊళ్ళో ఏం జరుగుతోందో సగానికి సగం తెలిసిపోతుంది. ‘తాళం వేసి ఉంది’ అన్న అంకె ఒక్కసారిగా పెరిగిందా, ఊరంతా జాతరకు పోయిందన్నమాట. ‘దారి లేదు’ పెరిగిందా, ఏటి మీద వంతెన కొట్టుకుపోయి ఉండాలి.

మీ బడిలో ఉన్న కంప్యూటరులోనూ అలాంటి గుమాస్తా ఒకడు ఉన్నాడు. జీతంభత్యం లేకుండా, కంప్యూటరు మీట నొక్కిన క్షణం నుంచి లెక్కలు రాస్తూనే ఉంటాడు. అతని పుస్తకం అడిగి చూసేవాళ్ళే తక్కువ.

ఇంటర్నెట్టులో మనం పంపే ప్రతిదీ, బొమ్మ గానీ పాట గానీ పరీక్షా ఫలితం గానీ, చిన్నచిన్న పొట్లాలుగా విడిపోయి ప్రయాణం చేస్తుంది. వీటిని ప్యాకెట్లు అంటారు. ప్రతి పొట్లం మీద పంపినవారి అంకెల చిరునామా, అందవలసినవారి అంకెల చిరునామా ఉంటాయి. దారిలో రూటర్లు అనే యంత్రాలు చిరునామా చూసి పొట్లాన్ని ముందుకు నెడతాయి. అది చేరి తీరుతుందన్న హామీ మాత్రం వాటిలో ఏదీ ఇవ్వదు. శక్తివంచన లేకుండా ప్రయత్నిస్తాం, అంతే!

హామీ లేనప్పుడు కనీసం కబురైనా ఉండాలి గదా. ఆ కబుర్లకోసం 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతి రాశాడు. దాని పేరు ఇంటర్నెట్ కంట్రోల్ మెసేజ్ ప్రోటోకాల్, పొడి అక్షరాల్లో ఐ.సి.ఎం.పి. ఇంటర్నెట్టు కట్టినవాళ్ళు తమ నియమావళిని ‘వ్యాఖ్యలకై విజ్ఞప్తి’ అనే వినయమైన పేరుతో, వరస నంబర్లు వేసి ప్రచురించేవారు. ఇది 792వది.

అందులో 11 రకాల సందేశాలు ఉన్నాయి. ‘గమ్యం చేరలేకపోయాను’ ఒకటి. ‘కాలం చెల్లింది’ మరొకటి. ‘ఇటు కాదు, పక్క దారిన పంపు’ అని చెప్పేది ఇంకొకటి. పొట్లం పోయిందని ఫిర్యాదు పంపేటప్పుడు రూటరు పోయిన పొట్లం పైనున్న చిరునామాల చీటీని, లోపలి సరుకులో మొదటి 8 బైట్లను కూడా కలిపి పంపుతుంది. అది చూసి పంపినవాడు తన పొట్లాల్లో ఏది పోయిందో పోల్చుకుంటాడు.

ఫిర్యాదే దారిలో పోతే? దాని గురించి మళ్ళీ ఫిర్యాదు పంపకూడదని పోస్టెల్ ఆనాడే నియమం పెట్టాడు. ఆ నియమం లేకపోతే ఫిర్యాదు మీద ఫిర్యాదు, దాని మీద ఇంకో ఫిర్యాదు, ఇలా అంతు లేకుండా పుట్టుకొచ్చి అసలు ఉత్తరాలకే చోటు మిగలదు.

‘కాలం చెల్లింది’ అన్న సందేశం వెనుక ఒక చక్కని ఉపాయం ఉంది. ప్రతి పొట్లం బయలుదేరేటప్పుడు దాని మీద ఒక అంకె వేస్తారు, 64 అనో 128 అనో. దాటిన ప్రతి రూటరూ అందులోంచి ఒకటి తీసేస్తుంది. అది సున్నా అయిన చోట పొట్లాన్ని పారేసి, పంపినవాడికి కబురు పంపుతారు. దారి తప్పి గానుగెద్దులా ఒకే చోట తిరిగే పొట్లాలు ఇలా అంతరిస్తాయి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీలో పనిచేసిన వాన్ జేకబ్‌సన్ దీన్ని ఆధారం చేసుకున్న ఒక కొంటె ఆలోచనను ఆచరణలో పెట్టాడు. కావాలనే 1 అంకె వేసి పంపితే మొదటి రూటరు దగ్గరే కాలం చెల్లి, దాని చిరునామాతో కబురు వస్తుంది. 2 వేస్తే రెండో రూటరు, 3 వేస్తే మూడోది. ఒక్కొక్కటే పెంచుకుంటూ పోతే దారి పొడవునా ఉన్న మజిలీలన్నీ బయటపడతాయి! ‘ట్రేస్‌రూట్’ అనే పరికరం చేసే పని ఇదే.

కేక, మారుకేక

పదకొండింటిలో అందరికీ తెలిసిన జంట ఇంకొకటి ఉంది. పొలం గట్టు మీద నిలబడి ‘ఓయ్’ అని కేకేస్తే, అవతలి గట్టున ఉన్నవాడు ‘ఓయ్’ అంటాడు చూడండి, సరిగ్గా అదే. ఒక కంప్యూటరు ‘ప్రతిధ్వని కావాలి’ అని పంపుతుంది, అవతలిది అందుకున్న సరుకును అక్షరం మార్చకుండా ‘ఇదిగో ప్రతిధ్వని’ అని తిప్పి పంపుతుంది.

అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ రిసెర్చ్ లాబొరేటరీలో పనిచేస్తున్న మైక్ మూస్ 1983 డిసెంబరులో ఈ జంటను ఆధారం చేసుకుని ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. జలాంతర్గాములను పసిగట్టే సోనార్ యంత్రం ‘పింగ్’మని శబ్దం పంపి, అది తగిలి తిరిగివచ్చేదాకా ఎంత సేపు పట్టిందో కొలుస్తుంది. మూస్ తన ప్రోగ్రాముకు ఆ శబ్దం పేరే పెట్టాడు. పింగ్ ఇవాళ్టికీ దాదాపు ప్రతి కంప్యూటరులోనూ ఉంది.

గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 600 కిలోమీటర్ల తీగ చివర ఉన్న కంప్యూటరుకు కేక వేశారనుకోండి. పోను 3, రాను 3, మొత్తం 6 మిల్లీసెకన్లు తప్పనిసరిగా పడుతుంది. అంతకంటే తక్కువలో జవాబు వచ్చిందంటే ఆ కంప్యూటరు మీరనుకున్నంత దూరంలో లేనట్టే. అదే భూస్థిర ఉపగ్రహం మీదుగా అయితే? అది ఉన్నది దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున. కేక పైకెళ్ళి దిగాలి, మారుకేకా పైకెళ్ళి దిగాలి. లెక్క వేసి చూడండి, దాదాపు అర సెకను వస్తుంది.

పింగ్ గురించి ఇంజనీర్లు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. ఒక భవనంలో ఏదో తీగ వదులైంది, ఎక్కడో తెలియదు. ఒకాయన తన కంప్యూటరును, ప్రతి జవాబుకూ ‘పింగ్’ అని పైకి అరిచేటట్టు అమర్చి, శబ్దం బాగా పెంచి, భవనమంతా తిరుగుతూ ఒక్కొక్క తీగనే కదుపుతూ పోయాడు. పింగ్... పింగ్... పింగ్... ఒకచోట తీగ కదపగానే అరుపు ఆగిపోయింది. దొంగ దొరికాడు!

పుస్తకంలో ఏముంటుంది?

కంప్యూటర్లు వేలల్లో పెరిగేసరికి, వాటి ఆరోగ్యాన్ని దూరం నుంచి కనిపెట్టే పద్ధతి కావలసివచ్చింది. 1988లో దానికి నియమాలు వచ్చాయి, 1991లో వాటిని సవరించారు. ప్రతి యంత్రమూ ఐ.సి.ఎం.పి.కి సంబంధించి 26 అంకెలు లెక్కపెట్టాలని అందులో ఉంది. వచ్చినవి 13, పంపినవి 13. మొత్తం సందేశాలెన్ని, చెడిపోయినవెన్ని, గమ్యం చేరనివెన్ని, కాలం చెల్లినవెన్ని, కేకలెన్ని, మారుకేకలెన్ని, ఇలా.

చూడటం సులభమే. విండోస్ కంప్యూటరులో ఆజ్ఞలు ఇచ్చే నల్ల కిటికీ తెరిచి ‘నెట్‌స్టాట్’ అని కొట్టి, కాస్త ఎడం ఇచ్చి, అడ్డగీత, ‘ఎస్’ అక్షరం కొట్టండి. పొడుగాటి పట్టిక వస్తుంది. అందులో ఐ.సి.ఎం.పి. పేరున్న భాగం చూడండి. ఇప్పుడు పక్క కంప్యూటరుకు ఒకసారి పింగ్ కొట్టి, మళ్ళీ పట్టిక తెప్పించండి. పంపిన కేకల అంకె 4 పెరిగి ఉంటుంది. విండోస్ పింగ్ నాలుగు సార్లు కేకేస్తుంది మరి. ఒక్కొక్క కేకలో 32 అక్షరాలు ఉంటాయి. ఇంగ్లీషు అక్షరమాల ‘ఏ’ నుంచి మొదలై, ఎందుకో ‘డబ్ల్యు’ దగ్గర ఆగి, మళ్ళీ ‘ఏ’ నుంచి ‘ఐ’ దాకా వస్తుంది. చివరి మూడు అక్షరాలు ఏం పాపం చేశాయో!

ఈ పట్టికను చదవడం కరెంటు మీటరు చదవడం లాంటిది. మీటరులో 8,412 ఉందంటే ఈ నెల ఎంత కాల్చారో తెలియదు. పోయిన నెల అంకె తీసేస్తేనే తెలుస్తుంది. ఇక్కడా అంతే. రెండుసార్లు చూడాలి, తేడా తియ్యాలి, మధ్య గడిచిన సెకన్లతో భాగించాలి. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ నియమాల ప్రకారం ఈ అంకెలకు 32 బిట్ల చోటే ఉంది. 4,29,49,67,295 దాటగానే గిర్రున తిరిగి సున్నాకు వస్తాయి. సెకనుకు వెయ్యి చొప్పున పెరిగే అంకె 50 రోజులు నిండకుండానే చుట్టు తిరుగుతుంది. మొదట 4,29,49,67,290 చూసి, తర్వాత 10 చూస్తే తగ్గిందని కంగారుపడకండి. పెరిగింది 16.

ఇప్పుడొక చిక్కు ప్రశ్న. మీరు 4 కేకలు వేశారు, 3 మారుకేకలే వచ్చాయి. పోయింది మీ కేకా, అవతలివాడి జవాబా? మీ పట్టికను ఎంత సేపు చూసినా తేలదు. అవతలి కంప్యూటరు పట్టిక కూడా కావాలి. అక్కడ ‘వచ్చిన కేకలు’ 3 మాత్రమే పెరిగితే కేక పోయినట్టు. అక్కడ వచ్చినవీ 4, పంపిన జవాబులూ 4 అయితే తిరుగుదారిలో పోయినట్టు. రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే గానీ దొంగ ఏ గట్టున ఉన్నాడో తెలియదు.

పట్టికలో ‘సోర్స్ క్వెంచ్’ అనే వరస ఒకటి కనిపిస్తుంది. ‘రద్దీగా ఉంది, మెల్లగా పంపు నాయనా’ అని దాని అర్థం. రద్దీలో ఇంకో సందేశం పంపడమంటే రద్దీ పెంచడమే గదా! 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీకి, సుమారు 400 గజాల దూరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మధ్య వేగం సెకనుకు 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అంటే సెకనుకు 5 అక్షరాలు, ఓ టైపిస్టు వేగం. చివరికి ఆ జబ్బుకు మందు కనిపెట్టినవాడు మన వాన్ జేకబ్‌సనే. పంపేవాడే పోయిన పొట్లాలను బట్టి తనంతట తాను తగ్గాలన్నాడు. ‘సోర్స్ క్వెంచ్’కు 2012లో అధికారికంగా పదవీ విరమణ ఇచ్చారు. కుర్చీ మాత్రం అలాగే ఉంది, ఎదురుగా సున్నాతో.

మంచి పురుగు చేసిన చెడు

2003 ఆగస్టు 11న ‘బ్లాస్టర్’ అనే పురుగు బయలుదేరింది. పురుగంటే ఎవరి సాయమూ లేకుండా ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు పాకే దొంగ ప్రోగ్రాము. విండోస్‌లోని ఒక లోపమే దానికి తలుపు. వారం తిరిగేసరికి అదే తలుపులోంచి రెండో పురుగు దూరింది. దాన్ని ‘వెల్చియా’ అనీ ‘నాచి’ అనీ పిలిచారు. దీని తీరు విచిత్రం. కంప్యూటరులోకి దూరి, బ్లాస్టరును చంపి, ఆ లోపాన్ని పూడ్చే సవరణను తెచ్చి అతికించే ప్రయత్నం చేసేది. అడగని వైద్యుడన్నమాట.

చిక్కల్లా అది తర్వాతి రోగిని వెతికే పద్ధతిలో ఉంది. దొరికిన ప్రతి చిరునామాకూ ముందు ఒక కేక వేసేది. జవాబిస్తే అక్కడికి పాకేది. సోకిన ఒక్కొక్క కంప్యూటరూ ఎడతెరిపి లేకుండా కేకలు వేయడంతో నెట్‌వర్కులు ఊపిరాడక స్తంభించాయి. ఎయిర్ కెనడా విమానాశ్రయాల్లో ప్రయాణికుల నమోదు కుంటుపడింది. అమెరికా నౌకాదళం వారి అంతర్గత నెట్‌వర్కుకూ అంతరాయం కలిగింది.

అలాంటి వేళ మన గుమాస్తా పుస్తకం ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎవరూ పింగ్ కొట్టలేదు, అయినా ‘పంపిన కేకలు’ క్షణక్షణానికీ ఎగబాకుతుంటుంది. ‘వచ్చిన మారుకేకలు’ అందులో కొద్ది భాగమే, ఎందుకంటే చాలా చిరునామాల్లో కంప్యూటర్లే లేవు. ‘గమ్యం చేరలేదు’ అన్నదీ పెరుగుతుంటుంది. ఈ మూడూ కలిసి కనబడిన యంత్రమే రోగి. ఈ పురుగు కేకలకు ఇంకో గుర్తూ ఉంది. ప్రతి కేకా సరిగ్గా 92 బైట్ల పొడవు. ఆ కొలతను పట్టుకుని రూటర్ల దగ్గర వాటిని ఏరి పారేశారు. 2004 రాగానే తనను తాను చెరిపేసుకునే ఏర్పాటు కూడా ఆ పురుగులోనే ఉంది.

ఇలాంటి దెబ్బలు తిన్న కొందరు నిర్వాహకులు ఐ.సి.ఎం.పి. మొత్తాన్నీ గుమ్మం దగ్గరే ఆపేయసాగారు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు. అసలు సంగతేమంటే, దారిలో ఒకచోట సందు ఇరుకుగా ఉందనుకోండి. ‘విడదీయరాదు’ అన్న చీటీ ఉన్న పెద్ద పొట్లం అందులో పట్టదు. అక్కడి రూటరు దాన్ని పారేసి, ‘ఇంతకంటే చిన్నది పంపు’ అని కబురు చేస్తుంది. ‘గమ్యం చేరలేదు’ రకంలోనే ఇదొకటి. ఆ కబురును గుమ్మంలో ఆపితే పంపినవాడికి ఏమీ తెలియదు, మళ్ళీ అదే పెద్ద పొట్లం పంపుతాడు. పలకరింపు పొట్లాలు చిన్నవి కాబట్టి చక్కగా దూరిపోతాయి, సంబంధం కుదిరినట్టే కనబడుతుంది. పేజీ మాత్రం ఎంతకీ తెరుచుకోదు!

ఇంటర్నెట్టు ఆరవ కూర్పులో దారిలోని రూటర్లు పొట్లాలను విడదీయడం పూర్తిగా మానేశాయి కాబట్టి ఈ కబురు మరీ ముఖ్యమైపోయింది. అందుకే దానికి ‘పొట్లం మరీ పెద్దది’ అని సొంత పేరు పెట్టి, విండోస్ పట్టికలో సొంత వరస ఇచ్చారు. నెట్‌స్టాట్ పట్టికలో ఐ.సి.ఎం.పి. ఆరవ కూర్పు అని ఉన్న భాగంలో, పైనుంచి కొన్ని వరసల లోపే కనబడుతుంది. దాని ఎదురుగా మీ కంప్యూటరులో ఎంత ఉందో చూడండి.