కట్టుడు పన్నుకూ కావాలి కాపలా!

ఇంప్లాంటు పన్ను పుచ్చిపోదు. నిజమే. కానీ ఆ టైటానియం స్క్రూ చుట్టూ ఉండే చిగురు, ఎముక మనవే కదా! అక్కడ పాచి పేరుకుంటే చిగురు వాచి, తోమగానే రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేయిస్తే తగ్గిపోతుంది. అశ్రద్ధ చేస్తే వాపు లోపలికి పాకి ఎముకను కరిగిస్తుంది. పెద్దగా నొప్పి లేకుండానే ఇంప్లాంటు ఊడిపోవచ్చు.

ముప్పు ఎవరికి ఎక్కువ? తీవ్రమైన చిగుళ్ల జబ్బు ఉన్నవారికి, సరిగా తోమనివారికి, పెట్టించుకున్నాక మళ్లీ డాక్టరు ముఖం చూడనివారికి. 2017లో అంతర్జాతీయ దంతవైద్య నిపుణుల సదస్సు గట్టిగా చెప్పినవి ఈ మూడే. పొగతాగడం, మధుమేహం సంగతి పూర్తిగా తేలకున్నా జాగ్రత్త మంచిదే. క్యాప్ అతికించిన సిమెంటు చిగురు కింద మిగిలినా వాపు రావచ్చు.

అందుకే... రెండుపూటలా తోమడం, సందుల్లో చిన్న బ్రష్షు, చెప్పిన గడువుకు చెకప్... మరవకండి!