మొదటి బాప్తిస్మమా, రెండోదా?

గుంటూరు లూథరన్ సంఘంలో పసితనంలోనే బాప్తిస్మం పొందిన అమ్మాయి, పెళ్లయ్యాక బాప్టిస్టు సంఘంలో చేరుతుంది అనుకుందాం. సాధారణంగా అక్కడ ఆమెను నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోమంటారు. ఇది రెండోసారి, తగదు అంటారు లూథరన్ పాస్టరుగారు. బాప్టిస్టు పాస్టరుగారి లెక్కలో అదే మొదటిది. ఇద్దరూ చదివేది ఒకే బైబిలు.

లూథరన్ల దృష్టిలో బాప్తిస్మం దేవుడు చేసే పని. ఆ కృప అందుకోవడానికి బిడ్డకు ఊహ తెలియనక్కర్లేదు. పెద్దవాళ్లు బిడ్డ తరఫున మాట ఇస్తారు. ఎదిగాక కన్ఫర్మేషన్ (విశ్వాసాన్ని తానుగా సంఘం ముందు ఒప్పుకునే ఆరాధన)లో ఆ మాటను బిడ్డ తనదిగా చేసుకుంటుంది. బాప్టిస్టులు, పెంతెకొస్తులు ముందు విశ్వాసం ఉండాలంటారు. పాత జీవితం క్రీస్తుతో సమాధి అయి, కొత్తగా లేచిందని చూపడానికే ఒళ్లంతా ముంచుతారు.

బయటివాళ్లకు ఇది చిలకరింపుకూ ముంచడానికీ మధ్య తగాదాలా కనిపిస్తుంది. కానీ ఎన్ని నీళ్లు, ఏ వయసు అనేవి వేర్వేరు ప్రశ్నలు. ఆర్థడాక్స్ సంఘాలు పసిబిడ్డనే మూడుసార్లు ముంచుతాయి. తొలి క్రైస్తవుల నియమాల గ్రంథం 'డిడాకే' పారే నీటిని కోరుతుంది, అది దొరక్కపోతే వేరే నీళ్లు, అవీ చాలకపోతే తలపై మూడుసార్లు పోస్తే చాలంటుంది.

1525 జనవరిలో జ్యూరిక్‌లో పసిబిడ్డల బాప్తిస్మాన్ని ఒప్పుకోని కాన్రాడ్ గ్రేబెల్ తన తోటివాడు జార్జ్ బ్లావ్‌రాక్‌కు బాప్తిస్మం ఇచ్చినప్పుడూ ఎవరినీ ముంచలేదు, నీళ్లు పోశారంతే. గొడవ వయసు గురించే. పుట్టిన ప్రతి బిడ్డా చర్చి సభ్యుడైతేనే ఊరూ చర్చీ ఒకటిగా ఉంటాయి. గ్రేబెల్, అతని తోటివాళ్లు ఆ ముడి విప్పారు. 1527లో వారిలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను నగర పాలకులు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. శిక్షకు నీటినే ఎంచుకోవడం క్రూరమైన ఎత్తిపొడుపే.

ఈ రెండు దారులూ 19వ శతాబ్దంలో తెలుగునాట పక్కపక్కనే పాదుకున్నాయి. లూథరన్లు గుంటూరులో, బాప్టిస్టులు నెల్లూరు, ఒంగోలుల్లో. కరువు కాలంలో తిండి కోసం మతం మారుతున్నారనే మాట రాకూడదని బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. తర్వాత 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా మారుతూ ముంచారు. పలు సంఘాలు కలిసి 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సి.ఎస్.ఐ.)లో లూథరన్లూ బాప్టిస్టులూ చేరలేదు, అందుకు బాప్తిస్మం ఒక్కటే కారణం కాదు.

ఒకసారి పొందిన బాప్తిస్మాన్ని మళ్లీ ఇవ్వకూడదని ప్రపంచ చర్చిల మండలి 1982 పత్రం కోరింది. బాప్టిస్టులకు చిక్కు 'మళ్లీ' అన్నచోటే. ఇంగ్లండులో కొన్ని బాప్టిస్టు సంఘాలు దీనికి ఒక మధ్యదారి పట్టాయి: పసితనంలో బాప్తిస్మం పొందినవారు విశ్వాసం ఒప్పుకుంటే, ముంచకుండానే సభ్యత్వం ఇస్తాయి.