మగత వచ్చిందని మాత్ర మానొద్దు

హెరాయిన్, నల్లమందు, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్ల వ్యసనానికి మన దేశంలో ఎక్కువగా వాడే మందు బ్యూప్రెనార్ఫిన్. నాలుక కింద పెట్టుకునే చిన్న మాత్ర. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసు వారిలో సుమారు 2.1 శాతం మంది ఓపియాయిడ్లు వాడుతున్నారు. వాళ్లలో చికిత్స దాకా వచ్చేవాళ్లే తక్కువ. వచ్చినవాళ్లు కూడా పగటిపూట కళ్లు మూతలు పడుతున్నాయని మాత్ర మానేస్తే, లేదా ఇంట్లోవాళ్లు కంగారుపడి మాన్పిస్తే, ప్రాణం మీదికి వస్తుంది.

అపోహ: మగతగా ఉన్నాడంటే ఒక మత్తు వదిలి ఇంకో మత్తు పట్టుకున్నట్టే.

వాస్తవం: బ్యూప్రెనార్ఫిన్ కూడా ఓపియాయిడే. మగత దాని దుష్ప్రభావాల్లో ఒకటి, దాచాల్సిన పనిలేదు. అయితే హెరాయిన్ మెదడులోని గ్రాహకాలను పూర్తిగా ప్రేరేపిస్తుంది. బ్యూప్రెనార్ఫిన్ కొంతవరకే ప్రేరేపించి ఆగుతుంది. పైగా గంటల తరబడి నిలకడగా పనిచేస్తుంది కాబట్టి మత్తు ఎక్కడం, దిగడం ఉండదు. మోతాదు కుదిరిన మనిషి పొద్దున్నే మాత్ర వేసుకుని పనికి వెళ్లొస్తాడు. మొదట్లో వచ్చే మగత చాలామందిలో ఒంటికి అలవాటయ్యేకొద్దీ తగ్గుతుంది. తగ్గేదాకా బండి నడపకూడదు.

అపోహ: మగత వస్తోందంటే డోసు ఎక్కువైంది. సగం చేసి ఇస్తే సరి.

వాస్తవం: ఎక్కువై ఉండొచ్చు. తక్కువై కూడా ఉండొచ్చు, చాలామందికి తట్టనిది ఇదే. డోసు చాలకపోతే రాత్రంతా ఒళ్లునొప్పులు, చెమటలు, కాళ్ల పీకులు. కంటి మీద కునుకుండదు. తెల్లారాక ఆ నిద్రంతా కునికిపాట్లుగా బయటపడుతుంది. మాత్ర వేసుకునే తీరులోనూ తేడా వస్తుంది. మింగేస్తే మందులో చాలా భాగం రక్తంలో కలవకముందే కాలేయంలో విచ్ఛిన్నమైపోతుంది. పూర్తిగా కరిగేదాకా, సుమారు ఐదు పది నిమిషాలు, మాట్లాడకుండా నాలుక కిందే ఉంచుకోవాలి. కరిగాక నీళ్లు నోట్లో తిప్పి మింగాలి. గంట ఆగి పళ్లు తోముకుంటే పళ్లకూ మంచిది. మగత మాత్ర వేసుకున్న కాసేపటికి వస్తోందా, రాత్రి నిద్ర లేక వస్తోందా అన్నది గమనించి చెబితే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.

అపోహ: దీంతోపాటు ఒక నిద్రమాత్రో, కాస్త మద్యమో తీసుకుంటే ఏమీ కాదు.

వాస్తవం: అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆల్ప్రజోలామ్, డయజెపామ్, ప్రీగాబాలిన్, మద్యం తోడైతే మగతతో పాటు ఊపిరి కూడా మందగిస్తుంది. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ కూడా మగత పెంచేదే. అందుకే ఏయే మాత్రలు వేసుకుంటున్నారో డాక్టరుకు పూర్తిగా చెప్పాలి. దాచకూడదు, అలాగని భయపడి చికిత్స వదులుకోకూడదు. నిద్రమాత్రలు వాడుతున్నారన్న కారణంతో వ్యసన చికిత్సను ఆపేయొద్దని 2017లో అమెరికా ఎఫ్‌డీఏ వైద్యులకు స్పష్టంగా చెప్పింది.

ఇదే చికిత్సకు వాడే మరో ఓపియాయిడ్ మందు మెథడోన్ విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అది ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి రోజురోజుకీ పేరుకుంటుంది. మొదటి రోజు సరిపోయిన డోసే నాలుగో రోజుకు బరువు కావచ్చు.

అపోహ: మానేస్తే మగతా పోతుంది, పీడా పోతుంది.

వాస్తవం: 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ లక్షకు పైగా రోగుల వివరాలు పరిశీలించింది. మెథడోన్ తీసుకుంటున్నవారిలో ఏడాదికి వెయ్యికి సుమారు 11 మంది చనిపోతే, చికిత్స ఆపాక ఆ సంఖ్య 36. బ్యూప్రెనార్ఫిన్‌లో 4, ఆపాక 9 పైచిలుకు. మానేసినవారి ఒంటికి పాత మోతాదును తట్టుకునే శక్తి పోతుంది. మళ్లీ హెరాయిన్ లాంటివి అదే మోతాదులో తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

పిలిస్తే పలుకుతూ కునుకుతుంటే డాక్టరుకు ఫోన్ చేయండి. తట్టి లేపినా లేవకపోయినా, ఊపిరి బాగా నెమ్మదించినా, పెదాలు నీలంగా మారినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. చికిత్స ఎక్కడ దొరుకుతుందో తెలియనివాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446 ఉంది. మాత్ర తగ్గించాలన్నా మానాలన్నా రాసిన డాక్టరుతోనే మాట్లాడండి.