సమరూప పదాలు – ద్వితీయ భాషా పఠనం: పూడూరు ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

పఠనంలో తెలియని పదం కంటే తెలిసినట్లు తోచే పదమే ఎక్కువ చిక్కు తెచ్చిపెడుతుంది. తెలియని పదం ఎదురైతే పాఠకుడు ఆగుతాడు, నిఘంటువు చూస్తాడు. తెలిసినట్లున్న పదం దగ్గర ఆగాలన్న ఆలోచనే అతనికి రాదు. ఇటువంటి పదాలకు 1928లో కోస్లెర్, దెరొకిన్యీ అనే ఫ్రెంచి రచయితలు ‘కపట మిత్రులు’ అనే అర్థమిచ్చే పేరు పెట్టారు.

వికారాబాదు జిల్లా పూడూరు మండలంలో ఈ సమస్య బహుముఖంగా కనిపిస్తుంది. ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ ఛాయలు, ఆరవ తరగతి నుంచి ద్వితీయ భాషగా హిందీ. మండలంలోని మన్నెగూడ మీదుగా వెళ్లే బీజాపూరు రహదారి పరిగి, కొడంగల్ దాటితే కన్నడ సీమ.

‘హర్ బచ్చే కో శిక్షా మిల్నీ చాహియే’ అన్న హిందీ వాక్యాన్ని తెలుగు విద్యార్థి ‘ప్రతి పిల్లవానికీ దండన పడాలి’ అని గ్రహించే వీలుంది. వ్యాకరణం ఎక్కడా అడ్డు చెప్పదు. బడి అనుభవం కూడా కొంత సహకరిస్తుందేమో! సంస్కృతంలో అభ్యాసం, బోధన అనే అర్థాలున్న ఈ పదం తెలుగులో దండనార్థంలో స్థిరపడింది. పాత అర్థం ‘శిక్షణ’లో మిగిలింది. 2001 నాటి ‘సర్వ శిక్షా అభియాన్’ పేరును తెలుగు అర్థంతో చదివితే అది ‘అందరికీ దండన’ అవుతుంది. ఉపన్యాసం (హిందీలో నవల), ఉద్యోగం (పరిశ్రమ), ఆలోచన (విమర్శ) వంటివీ ఈ కోవలోనివే.

లిపి వేరైనప్పుడు పొరపాటు ఎలా జరుగుతుంది? దేవనాగరి అక్షరాలను కూడబలుక్కుని ఉచ్చరించిన క్షణంలోనే తెలుగు పదం మనసులో మేల్కొంటుంది. ద్విభాషి చదివేటప్పుడు రెండు భాషల పదాలూ ఒకేసారి క్రియాశీలమవుతాయని డైక్‌స్ట్రా, వాన్ హ్యూవెన్ 2002లో ప్రతిపాదించిన నమూనా చెబుతుంది. వాటిలో మాతృభాషా పదం బలమైనది. కొత్త అర్థం నిలదొక్కుకొనేలోగా అదే ముందుకు వస్తుంది.

కన్నడం విషయంలో లిపి కూడా చేయి కలుపుతుంది. రెండు లిపులకూ మూలం ఒకటే కావడంతో తాండూరు వైపు పాఠకుడు కన్నడ బోర్డును చాలావరకు కూడబలుక్కోగలడు. ‘అవసరవే అపఘాతక్కె కారణ’ అంటే తొందరే ప్రమాదానికి కారణమని. తెలుగు కంటికి మాత్రం అది ‘అవసరమే ప్రమాదానికి కారణం’. ఇదే పదానికి హిందీలో అవకాశం, సందర్భం అని అర్థం. సంస్కృత మూలార్థానికి హిందీయే దగ్గరగా ఉంది.

తత్సమాలు భారతీయ భాషల మధ్య వంతెనలన్న నమ్మకం బోధనలో బలంగా ఉంది. పూడూరు విద్యార్థికి మాత్రం కిరాయి, దవాఖాన, పరేషాన్ వంటి ఉర్దూ పదాలే ఎక్కువ నమ్మదగినవి. వాటి అర్థం నిత్యవ్యవహారంలో ఎప్పటికప్పుడు సరిచూడబడుతూ వచ్చింది. అయితే ఇందులోనూ మినహాయింపులున్నాయి: తెలుగులో ‘ఖరీదు’ వెల, హిందీలో కొనుగోలు; తెలుగులో ‘రాజీనామా’ పదవీత్యాగం, ఉర్దూలో ఒడంబడిక పత్రం.

పాఠం చివర ఇచ్చే కఠిన పదాల పట్టికలో ‘శిక్షా’, ‘అవసర్’ వంటివి ముందు వరుసలో ఉండవలసినవి. అవి కఠినంగా కనిపించకపోవడమే వాటిని చేర్చడానికి తగిన కారణం.